పిల్లల పాస్‌పోర్టు గడువు విదేశంలో తీరితే: ఏ ప్రభుత్వాన్ని అడగాలి, ఏ కాగితం దగ్గర పని ఆగుతుంది

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని రెండు ఇళ్లు తీసుకుందాం. ఒక ఇంటి కొడుకూ కోడలూ కువైట్‌లో ఉంటారు. కోడలు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు తిరుపతిలో పుట్టిన పాప ఇప్పుడు కువైట్‌లోనే బడికి పోతోంది. ఇంకో ఇంటి బాబు డల్లాస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలతో తిరిగొచ్చి తిరుపతిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. ఇద్దరి పాస్‌పోర్టులకూ గడువు దగ్గరపడింది. "రెన్యూవల్ చేయించాలి" అని రెండు ఇళ్లలోనూ అనుకుంటారు. అయితే పాపకు పాస్‌పోర్టు ఇవ్వాల్సింది భారత ప్రభుత్వం, బాబుకు ఇవ్వాల్సింది అమెరికా ప్రభుత్వం. సొంత దేశం బయట ఉంటూ పాస్‌పోర్టు తీసుకోవాల్సిన పరిస్థితి ఇద్దరిదీ. ఒకరు కువైట్‌లో, ఒకరు తిరుపతిలో. ఒక ఇంట్లో నడిచిన పద్ధతి మరో ఇంట్లో నడవదు. బంధువులు ఫోన్లో చెప్పిన సలహాలు తరచూ తప్పేది ఇక్కడే.

జనన ధ్రువపత్రం నిబంధన 2025 ఫిబ్రవరిలో మారడంతో ఈ అయోమయం ఇంకాస్త పెరిగింది.

## పాత పుస్తకానికి పొడిగింపు ఉండదు

గడువు తీరిన పుస్తకంపై కొత్త తేదీ వేసి ఇవ్వడం జరగదు. భారత్‌లో దీన్ని రీఇష్యూ అంటారు. కొత్త నంబరుతో కొత్త పుస్తకం వస్తుంది, పాతదాన్ని రద్దు చేసి తిరిగి ఇస్తారు. అమెరికా పద్ధతిలో పదహారేళ్ల లోపు పిల్లలకు రెన్యూవల్ ఫారమే లేదు. ప్రతిసారీ మొదటి పాస్‌పోర్టుకు నింపే ఫారమే నింపాలి.

పెద్దల విషయంలో పాత పాస్‌పోర్టే సగం పని చేసిపెడుతుంది. పిల్లల విషయంలో అలా కాదు. నెలల బిడ్డ ఫోటో ఉన్న పుస్తకం చూపి ఐదేళ్ల పిల్లవాణ్ని గుర్తుపట్టడం ఏ అధికారికీ సాధ్యం కాదు. పైగా దరఖాస్తు చేసేది ఆ బిడ్డ కాదు, తల్లిదండ్రులు. అందుకే ఏ దేశమైనా ప్రతిసారీ ఒకే రకం ప్రశ్నలు వేస్తుంది. ఈ బిడ్డ మా పౌరుడేనా, వచ్చినవాళ్లు ఈ బిడ్డ తల్లిదండ్రులేనా, పాస్‌పోర్టు ఇవ్వడానికి ఇద్దరూ ఒప్పుకున్నారా? కింద చెప్పే కాగితాలన్నీ వీటిలో ఏదో ఒకదానికి జవాబులే. ఏ కాగితం ఎందుకు అడుగుతున్నారో తెలిస్తే, అది లేనప్పుడు దాని బదులు ఏది పనికొస్తుందో కూడా తెలుస్తుంది.

## బిడ్డ ఏ దేశపు పౌరుడు?

ఇది తేలకుండా ఫారం తెరిస్తే లాభం లేదు. పుట్టిన ఊరు ఒక్కటే చూస్తే చాలదు, తల్లిదండ్రుల పౌరసత్వం కూడా చూడాలి.

అమెరికా, కెనడాలలో పుట్టిన బిడ్డకు సాధారణంగా పుట్టుకతోనే అక్కడి పౌరసత్వం వస్తుంది. తల్లిదండ్రులు హెచ్-1బీ వీసాపై ఉన్నా సరే. గల్ఫ్ దేశాల్లో పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. బ్రిటన్ పద్ధతి 1983 జనవరి 1 నుంచి మారింది. తల్లి గానీ తండ్రి గానీ అక్కడి పౌరులో, స్థిర నివాసులో అయి ఉండాలి. ఆస్ట్రేలియాలోనూ 1986 ఆగస్టు నుంచి దాదాపు ఇదే పద్ధతి. వర్క్ వీసాపై లండన్ వెళ్లిన దంపతులకు అక్కడ పుట్టిన బిడ్డ బ్రిటిష్ పౌరుడు కాదు. ఆ బిడ్డకు భారత పాస్‌పోర్టే కావాలి.

అయితే ఆ బిడ్డ భారత పౌరుడు కావడం కూడా దానంతట అది జరగదు. 1955 నాటి పౌరసత్వ చట్టం సెక్షన్ 4 ప్రకారం, 2004 డిసెంబరు 3 నుంచి విదేశంలో పుట్టిన బిడ్డ భారత పౌరుడు కావాలంటే ఏడాదిలోపు అక్కడి భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. నమోదు సమయంలో, బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అప్పుడు ఇచ్చిన జనన నమోదు పత్రాన్ని పారేయకూడదు. ఐదేళ్ల తర్వాత రీఇష్యూకి వెళ్లినప్పుడు, బిడ్డ భారత పౌరుడేనని చూపే తొలి ఆధారం అదే.

ఇక తిరుపతిలో పుట్టినవాళ్లు. 2004 డిసెంబరు 3 నుంచి భారత్‌లో పుట్టినవారికి పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రులిద్దరూ భారత పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి భారత్ ఇచ్చే జీవితకాల వీసా కార్డు) వచ్చిన దంపతులకు తిరుపతిలో బిడ్డ పుడితే ఆ బిడ్డ భారత పౌరుడు కాడు. మునిసిపల్ కార్పొరేషన్ జనన ధ్రువపత్రం ఇస్తుంది. అది పుట్టుకకు రుజువు మాత్రమే, పౌరసత్వానికి కాదు. వాళ్లు హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో, విదేశంలో పుట్టిన అమెరికా పౌరుడిగా బిడ్డను నమోదు చేయించాలి.

ఇంకో చిక్కు గ్రీన్ కార్డు ఉన్న పిల్లలది. తల్లి గానీ తండ్రి గానీ అమెరికా పౌరసత్వం తీసుకుంటే, వారితో కలిసి అక్కడ ఉంటున్న పద్దెనిమిదేళ్ల లోపు గ్రీన్ కార్డు బిడ్డకు కూడా పౌరసత్వం దానంతట అదే వస్తుంది. అలాంటి బిడ్డ భారత పాస్‌పోర్టు గడువు తీరిందని రీఇష్యూ అడగకూడదు. దాన్ని సరెండర్ చేసి ఆ సర్టిఫికెట్ తీసుకోవాలి. భారత చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు. రెండు పాస్‌పోర్టులు వాడితే జరిమానాలు, కేసులు వస్తాయి.

అమెరికాలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం నమోదు చేయించవచ్చా? అక్కడి పాస్‌పోర్టు తీసుకోకుండా ఏడాదిలోపు కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే చట్టం అడ్డు చెప్పదు. పద్దెనిమిదేళ్లు నిండాక ఆరు నెలల్లోపు రెండో పౌరసత్వం వదులుకోకపోతే భారత పౌరసత్వం పోతుంది. ఇలా చేయాలనేవాళ్లు ప్రధానంగా చదువుల సంగతి చెబుతారు. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ వంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలకు ఎన్నారై సీట్లు, అదనపు సీట్లే దక్కుతాయి. ఆ తేదీకి ముందే ఓసీఐ తీసుకున్నవారికి ఈ పరిమితి వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వద్దనేవాళ్ల వాదనా బలమైనదే. అమెరికా పౌరులు ఆ దేశంలోకి రావాలన్నా, బయటికి పోవాలన్నా అక్కడి పాస్‌పోర్టే వాడాలని వారి చట్టం చెబుతుంది. కాబట్టి అలాంటి బిడ్డ రాకపోకలే కష్టమవుతాయి. అక్కడి పాస్‌పోర్టు ఒకసారి తీసుకున్న తర్వాత మాత్రం ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఆ బిడ్డకు ఓసీఐ దారే మిగులుతుంది.

## గడువు ఎంత వస్తుందో లెక్క వేసుకోవడం

భారత్‌లో మైనర్ పాస్‌పోర్టు ఐదేళ్లు, లేదా పద్దెనిమిదేళ్లు నిండేవరకు, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసువారు కోరుకుంటే పదేళ్ల పాస్‌పోర్టు తీసుకోవచ్చు. భారత్‌లో 36 పేజీల మైనర్ పుస్తకానికి రుసుము 1,000 రూపాయలు, పదేళ్లది కోరితే పెద్దల రుసుము 1,500. తత్కాల్ అయితే అదనంగా 2,000.

ఒక అమ్మాయి 2011 మే 10న పుట్టింది, పాస్‌పోర్టు 2026 ఫిబ్రవరి 20తో అయిపోతుంది అనుకుందాం. జనవరిలో దరఖాస్తు చేస్తే అప్పటికి వయసు పద్నాలుగేళ్ల ఎనిమిది నెలలు. వచ్చే పుస్తకం పద్దెనిమిదేళ్లు నిండే 2029 మే వరకే చెల్లుతుంది, అంటే మూడేళ్ల పైచిలుకు. మే 10 దాటాక చేస్తే పదేళ్లది అడగవచ్చు. ఆ అమ్మాయి తిరుపతిలోనే ఉంటూ ప్రయాణమేదీ లేకపోతే మే 10 దాకా ఆగడమే లాభం. కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటే ఆగకూడదు. చెల్లుబాటు అయ్యే పాస్‌పోర్టు లేకుండా నివాస వీసా పొడిగించరు. రుసుము పోయినా సరే, గడువులోపే చేయించుకోవాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. చాలా దేశాలూ విమానయాన సంస్థలూ ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. కాబట్టి ఐదేళ్ల పుస్తకాన్ని నాలుగున్నరేళ్లదిగా లెక్కేసుకోవాలి. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రీఇష్యూకి దరఖాస్తు చేయవచ్చు. గడువు తీరి మూడేళ్లు దాటితే మాత్రం ప్రక్రియ బరువెక్కుతుంది.

## పేరు, జనన పత్రం: ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే

విదేశంలో ఉన్న భారత పిల్లల దరఖాస్తు, ఎంబసీలు, కాన్సులేట్ల కోసం ఉన్న పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో మొదలవుతుంది. అక్కడ నింపి, ప్రింటు తీసి, వీఎఫ్‌ఎస్ గ్లోబల్, బీఎల్‌ఎస్ ఇంటర్నేషనల్ వంటి ఏజెన్సీ ద్వారా కాన్సులేట్‌కు పంపాలి. కాగితాలను సరిచూసి అందించడం వరకే ఏజెన్సీ పని, నిర్ణయం కాన్సులేట్‌ది. ఉంటున్న చోటును బట్టి కాన్సులేట్ పరిధి మారుతుంది. టెక్సాస్‌లో ఉంటే హ్యూస్టన్‌కే పంపాలి.

జతచేయాల్సినవి సాధారణంగా ఇవి: పాత పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి పాస్‌పోర్టుల నకళ్లు, అక్కడ ఉండటానికి చట్టబద్ధమైన వీసా లేదా నివాస పత్రం, చిరునామా రుజువు, అనెక్సర్-డి అనే తల్లిదండ్రుల ప్రకటన. సంతకం చేయలేని పసివాళ్లకు వేలిముద్ర తీసుకుంటారు. మగపిల్లలకు ఎడమ బొటనవేలు, ఆడపిల్లలకు కుడి బొటనవేలు. సంతకం పెట్టెలో గీత దాటితే ఫారం తిరిగి వస్తుంది. చిన్న విషయమే అయినా పిల్లల ఫారాలు తరచూ వెనక్కి వచ్చేది దీనివల్లే. ఖాళీ ఫారం ఒకటి అదనంగా ప్రింటు తీసి ఉంచుకోవాలి.

ఫోటో తెల్లని నేపథ్యంలో, కళ్లు తెరిచి, ముఖంపై నీడ లేకుండా ఉండాలి. నెలల బిడ్డను తెల్లటి దుప్పటిపై పడుకోబెట్టి పైనుంచి తీస్తే బాగా వస్తుంది. ఎత్తుకున్నవారి చేయి కనిపించకూడదు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన పిల్లలకు గుండు అడ్డంకేమీ కాదు. అయితే ఫోటో ఇటీవలిదై ఉండాలి. ఏడాది కిందటి జుట్టున్న ఫోటో పెడితే ప్రశ్న వస్తుంది.

ఇక పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. బడిలో "కె. లిఖిత" అని రాస్తారు. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు, విడదీసి పూర్తిగా రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పేరంతా ఒకే గడిలో రాసిన పాస్‌పోర్టులు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. అమెరికా వీసాలో ఇలాంటి పేరున్నవారికి అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది. ఒకే పదం పేరున్నవారిని విజిట్ వీసాలపై అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించినప్పుడు, చాలామందికి ఈ సంగతి మొదటిసారి తగిలింది. పేరును రెండు గడుల్లోకి విడగొట్టుకోవడానికి పిల్లల రీఇష్యూనే సరైన సమయం. బడి రికార్డులు, పరీక్షల సర్టిఫికెట్లు పేరుకుపోయాక ఈ మార్పు బాగా కష్టమవుతుంది.

తండ్రి పేరు జనన పత్రంలో ఒకలాగా, ఆయన పాస్‌పోర్టులో మరోలాగా ఉండటం ఇంకో సాధారణ కారణం. ఒక అక్షరం తేడాకు ప్రకటన పత్రంతో సరిపోవచ్చు. పూర్తిగా వేరే పేరులా కనిపిస్తే మాత్రం జనన పత్రాన్నే సరిచేయించాలి. ఆ దిద్దుబాటు జననం నమోదైన చోటే జరుగుతుంది. తిరుపతి ఆసుపత్రిలో పుట్టి ఉంటే తిరుపతి మునిసిపల్ కార్పొరేషన్‌లోనే, తల్లిదండ్రుల సొంతూరు పలమనేరు అయినా, కుప్పం అయినా. కువైట్‌లో ఉన్న తండ్రికి ఇది నెలల పని. అందుకే పాస్‌పోర్టుకు ఏడాది ముందే జనన పత్రం తీసి చూసుకోవాలి.

పుట్టిన 21 రోజుల్లో ఆసుపత్రి నుంచి జననం నమోదవుతుంది, నామకరణం ఆ తర్వాత ఎప్పుడో జరుగుతుంది. అందువల్ల చాలా పత్రాల్లో పేరు గడి ఖాళీగా ఉంటుంది. జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 14 ప్రకారం పేరు తర్వాత చేర్చవచ్చు. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత పదిహేనేళ్ల వరకు ఆలస్య రుసుముతో.

2025లో మారింది ఏమిటంటే, 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రం ఒక్కటే చెల్లుతుంది. అంతకు ముందు పుట్టినవారికి బడి సర్టిఫికెట్ వంటి ఇతర ఆధారాలు ఇంకా చెల్లుతాయి. పదేళ్ల పిల్లవాడి రీఇష్యూకి ఈ కొత్త నిబంధన వర్తిస్తుందని భయపడక్కరలేదు.

జిల్లా విభజన గురించి కూడా అడుగుతుంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. అంతకు ముందు ఇచ్చిన జనన పత్రంలో చిత్తూరు జిల్లా అని ఉంటే అది తప్పు కాదు, మార్పించాల్సిన పని లేదు. చిరునామా గడిలో మాత్రం ఇప్పటి జిల్లానే రాయాలి. పోలీస్ వెరిఫికేషన్ ఏ జిల్లా పోలీసులకు వెళ్లాలో దాన్నిబట్టే తేలుతుంది.

## ఇద్దరి సంతకం: రక్షణా, అడ్డంకా?

అనెక్సర్-డి పై తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేయాలి. అమెరికాలో ఇది నోటరీ ముందు జరగాలి. ఒకరి సంతకం దొరకనప్పుడు, కారణం చెబుతూ రెండోవారు అనెక్సర్-సి ఇస్తారు. విడాకుల తర్వాత బిడ్డను ఎవరికి అప్పగించారో చెప్పే కోర్టు ఉత్తర్వు ఉంటే దాన్ని జతచేయాలి. భారత్‌లో 2016 డిసెంబరు నుంచి ఈ అనెక్సర్లకు నోటరీ అక్కర్లేదు, తెల్లకాగితంపై స్వీయ ప్రకటన చాలు. దరఖాస్తులో తల్లి లేదా తండ్రి ఒక్కరి పేరే ఇచ్చే వీలు కూడా అప్పుడే వచ్చింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, విడిపోయిన దంపతుల్లో ఒకరు బిడ్డను రెండోవారికి తెలియకుండా దేశం దాటిస్తే వెనక్కి రప్పించడం చాలా కష్టం. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. పాస్‌పోర్టు దగ్గరే ఆపడం ఒక్కటే గట్టి అడ్డుకట్ట అని ఒక వర్గం అంటుంది. హింస నుంచి పారిపోయి పుట్టింటికి వచ్చిన తల్లికి ఇదే నిబంధన సంకెల అవుతుందని, సంతకం ఇవ్వకపోవడాన్నే భర్త ఆయుధంగా వాడుతున్నాడని మరో వర్గం అంటుంది. రెండూ నిజాలే. అనెక్సర్-సి ఉన్నది ఆ రెండో పరిస్థితి కోసమే. అయితే దాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారి విచక్షణ. అందుకే కోర్టు ఉత్తర్వు, వేర్పాటు కేసు నంబరు, పోలీసు ఫిర్యాదు లాంటి ఏ ఆధారం ఉన్నా ముందే జతచేయడం మేలు. ఉత్తి ప్రకటన మీద నిర్ణయం ఆలస్యమవుతుంది.

## వేసవి సెలవుల్లో తిరుపతిలో చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. భారత పాస్‌పోర్టున్న బిడ్డ తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీఇష్యూకి దరఖాస్తు పెట్టవచ్చు. రుసుము విదేశంలో కంటే తక్కువ, ఫోటో అక్కడే తీస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఫోటో తీసుకెళ్లాలి. తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో భార్య లేదా భర్త పేరు నమోదై ఉంటే, మైనర్లకు సాధారణంగా పోలీస్ వెరిఫికేషన్ లేకుండానే ఇస్తారు. ఆ పేర్లు లేకపోతే వెరిఫికేషన్ పడవచ్చు. మూడు వారాల సెలవుకు వచ్చిన కుటుంబం ఇక్కడే ఇరుక్కుంటుంది, చేతిలో రిటర్న్ టికెట్ ఉంటుంది, పాత పుస్తకం రద్దయి ఉంటుంది. రెండు నెలలకు పైగా ఉండేవారికి తిరుపతి సులువు. తక్కువ రోజులు ఉండేవారు తామున్న దేశంలోనే చేయించుకోవడం క్షేమం.

అమ్మానాన్నలిద్దరూ విదేశంలో ఉండి, బిడ్డ అవ్వాతాతల దగ్గర తిరుపతిలో పెరుగుతుంటే కథ వేరు. తల్లిదండ్రులు తామున్న దేశంలోని భారత ఎంబసీలో ధ్రువీకరించిన ప్రమాణపత్రాన్ని, పాస్‌పోర్టుల నకళ్లతో పంపాలి. తాతయ్య ఒక్కరే సంతకం చేస్తే చెల్లదు. ఎంబసీ అపాయింట్‌మెంట్, కొరియర్, ఇక్కడి అపాయింట్‌మెంట్ మూడింటికీ సమయం లెక్కేసుకుని మొదలుపెట్టాలి.

## కొత్త పాస్‌పోర్టు వచ్చినా తీరని చిక్కు: ఐ-94

అమెరికాలో హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల భార్య లేదా భర్తకు, పిల్లలకు ఇచ్చే వీసా) పై ఉన్న పిల్లలకు అన్నిటికంటే ప్రమాదకరమైన తేదీ పాస్‌పోర్టులో కనిపించదు. విమానాశ్రయంలో ఇచ్చే ప్రవేశ రికార్డును ఐ-94 అంటారు. ఎంతకాలం ఉండొచ్చో తేల్చేది అదే. వీసా ఆమోదం ఎంత దూరం ఉన్నా, పాస్‌పోర్టు గడువు అంతకు ముందే తీరుతుంటే ఐ-94ను తరచూ పాస్‌పోర్టు తేదీకే ఆపేస్తారు. పెద్దలవి పదేళ్ల పాస్‌పోర్టులు, పిల్లలవి ఐదేళ్లవి. అందుకే దెబ్బ పిల్లలకే తగులుతుంది.

ఉదాహరణకు 2024 జనవరిలో ఒక కుటుంబం తిరుపతి నుంచి చెన్నై మీదుగా తిరిగి వెళ్లింది. తండ్రి హెచ్-1బీ ఆమోదం 2026 సెప్టెంబరు వరకు ఉంది, తల్లిదండ్రుల ఐ-94లు దానికి తగ్గట్టే వచ్చాయి. పాప పాస్‌పోర్టు 2025 జూన్ 12 వరకే ఉంది, ఆమె ఐ-94 కూడా జూన్ 12కే ఆగింది. మేలో కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చింది, అందరూ నిశ్చింతగా ఉన్నారు. అయితే కొత్త పాస్‌పోర్టు ఐ-94ను పొడిగించదు. జూన్ 13 నుంచి పాపకు అక్కడ ఉండే హోదా లేదు.

దీన్ని సరిచేసుకోవడానికి రెండు దారులున్నాయి, రెండూ గడువు తేదీకి ముందే. ఐ-539 ఫారంతో పొడిగింపు అడగడం ఒకటి, కొత్త పాస్‌పోర్టుతో దేశం దాటి మళ్లీ ప్రవేశించడం రెండోది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అక్రమ నివాసపు రోజులు లెక్కకట్టరు. కానీ హోదా పోతే తర్వాతి పొడిగింపులు, గ్రీన్ కార్డు దరఖాస్తులు చిక్కుల్లో పడతాయి. విమానం దిగిన వారంలోనే ప్రతి ఒక్కరి ఐ-94నూ ఆన్‌లైన్‌లో విడివిడిగా తీసి చూడాలి.

పాత పాస్‌పోర్టులో ఉన్న అమెరికా వీసా రద్దు కాదు. రెండు పుస్తకాలూ కలిపి చూపితే సరిపోతుంది. వీసా పేజీని చింపి కొత్తదానికి అంటించకూడదు. గల్ఫ్‌లో అయితే కొత్త నంబరును నివాస రికార్డులో ఎక్కించుకోవాలి, లేకపోతే తర్వాతి ప్రయాణంలో కౌంటర్ దగ్గర ఆపుతారు.

## తిరుపతిలో ఉంటున్న అమెరికా బిడ్డకు

ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. తిరుపతి నుంచి రాత్రి రైలు ప్రయాణం, అదీ తల్లి, తండ్రి, బిడ్డ ముగ్గురూ కలిసి. పదహారేళ్ల లోపు బిడ్డ స్వయంగా రావాలి, ఇద్దరు తల్లిదండ్రులూ రావాలి. ఫారం డీఎస్-11. ఇంట్లో నింపి ప్రింటు తీయాలి, సంతకం మాత్రం కాన్సులేట్‌లో అధికారి ముందే చేయాలి. ముందే సంతకం చేసి తెస్తే మళ్లీ నింపాల్సి వస్తుంది. అసలు అమెరికా జనన పత్రం, పాత పాస్‌పోర్టు, తల్లిదండ్రుల గుర్తింపు, రెండు అంగుళాల చదరపు ఫోటో తీసుకెళ్లాలి. రుసుము 100 డాలర్లు, దానిపై 35 డాలర్ల స్వీకరణ రుసుము, మొత్తం 135. పాత పాస్‌పోర్టు పసిప్రాయంలో తీసినదైతే, ఏటేటా ఎదిగిన క్రమం చూపే ఫోటోలు కొన్ని వెంట ఉంచుకోవాలి. గుర్తింపు కోసం అడగవచ్చు.

తండ్రి డల్లాస్‌లోనే ఉండి తల్లీబిడ్డలు తిరుపతిలో ఉండటం చాలా ఇళ్లలో జరిగేదే. అప్పుడు తండ్రి డీఎస్-3053 అనే సమ్మతి పత్రంపై అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, నోటరీకి చూపిన గుర్తింపు కార్డు ముందూ వెనకా నకలుతో పంపాలి. ఆ పత్రం మూడు నెలలే చెల్లుతుంది. అపాయింట్‌మెంట్ దొరక్కముందే చేయిస్తే గడువు తీరిపోవచ్చు, కాబట్టి అపాయింట్‌మెంట్ తేదీ ఖరారయ్యాకే నోటరీకి వెళ్లాలి.

పదహారు, పదిహేడేళ్లవారికి కూడా డీఎస్-11నే. అయితే ఒక్కరు తల్లి లేదా తండ్రి వెంట వస్తే సరిపోతుంది, పాస్‌పోర్టు పదేళ్లది వస్తుంది. పుట్టినరోజు దగ్గర్లో ఉన్నవారు ఈ తేడా చూసుకోవాలి.

కొత్త పాస్‌పోర్టు వచ్చాక ఓసీఐ పని ఉంటుంది. 2021 నుంచి ఇది బాగా తేలికైంది. ఇరవై ఏళ్ల లోపు ప్రతి కొత్త పాస్‌పోర్టుకూ ఓసీఐ కార్డు మళ్లీ తీసుకోనక్కర్లేదు. పాస్‌పోర్టు అందిన మూడు నెలల్లోపు దాని నకలు, తాజా ఫోటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి, రుసుము లేదు. ఇరవై దాటాక తీసుకునే తొలి పాస్‌పోర్టుతో ఒకసారి మాత్రం కార్డు రీఇష్యూ చేయించాలి. అప్‌లోడ్ చేసి రసీదు వచ్చేలోపు ప్రయాణం పడినా ఆపరు. పాత పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లే నిబంధన కూడా ఇప్పుడు లేదు.

## ప్రయాణం తలమీదికి వస్తే

ఇంట్లో ఎవరికైనా ప్రాణాపాయం వచ్చినప్పుడు బిడ్డ పాస్‌పోర్టు గడువు తీరి ఉండటం దారుణమైన పరిస్థితి. అయినా దారులున్నాయి. విదేశంలోని భారత బిడ్డకు కాన్సులేట్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది భారత్‌కు ఒకవైపు ప్రయాణానికే. తిరిగి వెళ్లాలంటే ఇక్కడ పూర్తి పాస్‌పోర్టు తీసుకోవాలి, ఆ దేశపు వీసా ఇంకా చెల్లుతూ ఉండాలి. అమెరికా కాన్సులేట్ అత్యవసరానికి ఏడాది మించని తాత్కాలిక పాస్‌పోర్టు ఇస్తుంది. దానికీ డీఎస్-11, ఇద్దరి సమ్మతి కావాలి. కాబట్టి బిడ్డ జనన పత్రం అసలుదీ, దాని నకళ్లూ, కోర్టు ఉత్తర్వులుంటే అవీ బిడ్డ ఏ దేశంలో ఉంటే ఆ దేశంలోనే ఉంచాలి. తిరుపతి బ్యాంకు లాకర్లో భద్రంగా ఉన్న పత్రం, అర్ధరాత్రి హ్యూస్టన్‌లో కావాల్సి వస్తే చేతికి అందదు.